చుక్క తాత

"మళ్లీ వచ్చాడమ్మా మహానుభావుడు!" అని పళ్లు కొరికింది తల్లి.

గాజు తలుపు అవతల ఓ ముసలాయన. చేతిలో వేలెడు గాజుపలక.

"చుక్క తాత," అంది మంచం మీది పిల్ల నీరసంగా.

ఇంట్లో దాన్ని పిచ్చుక అంటారు. వాగుడు చూసి పెట్టిన పేరు. ఇప్పుడు రోజుకి నాలుగు మాటలొస్తే గొప్ప.

రక్తం జబ్బుకి మందులతో పాత ఎముక మూలుగంతా మాడ్చేసి, ఎవరో దాత ఇచ్చిన మూలకణాలు ఎక్కించి పంతొమ్మిది రోజులైంది. అవి ఎముకల్లో కుదురుకుంటేనే కొత్త నెత్తురు పుడుతుంది. రోజూ పొద్దున్నే రక్తం తీస్తారు. రోజూ మిషన్ ఒకటే మాట చెబుతుంది. తెల్లకణాలు సున్నా.

ఆ తర్వాత ల్యాబు ముసలాయన కోసం నర్సు పిచ్చుక వేలికి ఇంకో పోటు పొడిచి, గాజుపలక మీద ఒక చుక్క పట్టి పంపిస్తుంది.

తల్లి కుట్టుపని మనిషి. తన వేళ్లకి సూది దిగితే దులుపుకుని పోయేది. పిల్ల వేలికి దిగితే మాత్రం ప్రాణం విలవిల్లాడేది.

"అన్నీ ఒకేలా ఉండవు తల్లీ," అన్నాడాయన ఒకసారి. "కొన్ని కణాలు దిగీ దిగగానే పనిలో పడతాయి. కొన్ని చోటు చూసుకుని, సర్దుకుని, నింపాదిగా లేస్తాయి. మందులకి మాడిన ఇల్లు కదా, ఆ ఇల్లూ కోలుకోవాలి."

కబుర్లు బాగానే చెబుతాడు, వేలు మండేది నా బిడ్డకి, అనుకుంది తల్లి.

ఆ పొద్దున డాక్టరమ్మ వచ్చింది.

"రేపు కూడా సున్నానే అయితే కణాలు పట్టలేదనే అనుకోవాలమ్మా. మళ్లీ మొదటి నుంచీ మందులు."

"తట్టుకుంటుందా?"

డాక్టరమ్మ ఫైలు మూసింది.

తల్లి గాజు తలుపు తీసుకుని బయటికొచ్చింది. అంత భయం ఎక్కడో ఒకచోట కక్కాలి. ఎదురుగా ముసలాయన దొరికాడు.

"ఒంట్లో నెత్తురే లేదంటే రోజూ చుక్క చుక్క తోడేస్తారేంటి? ప్రయోగాలకి నా బిడ్డే దొరికిందా?"

"ఇవాళొక్కరోజు అమ్మా. ఒక్క చుక్క."

"పోతారా, మీ పైవాళ్లని పిలవనా?"

పిలిచింది. కాగితం మీద ఫిర్యాదు కూడా రాసిచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆయన్ని రేపటి నుంచి ఇక రావద్దన్నారు.

గాజు అవతలి నుంచి ఆయన పిచ్చుకకి చెయ్యి ఊపాడు. పిచ్చుకా ఊపింది. తల్లి విసురుగా తెర లాగేసింది.

మర్నాడు మిషన్ సున్నా అంది.

తల్లి పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. నడవాలో మందుల బండి చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంది.

బండి కంటే ముందు డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"మందులు వద్దు! కణాలు కనబడ్డాయి. పదకొండు. మరీ పసివి, మిషన్‌కి ఆనలేదు. కంటితో చూస్తే తెలిసింది."

"ఎవరు చూశారు?"

"మీరు పంపించేసినాయనే. నిన్న పారేయబోయే ట్యూబులో అడుగున మిగిలిన చుక్క అడిగి తీసుకుని, సాయంత్రం దాకా కూర్చుని చూశాడట. చీటీ రాసి పెట్టి వెళ్లాడు. ఇప్పుడే నేనూ చూశాను."

తల్లి చెప్పులు కూడా వేసుకోకుండా ల్యాబుకి పరిగెత్తింది.

మైక్రోస్కోపు ముందు స్టూలు ఖాళీగా ఉంది.

"ఆయనెప్పుడొస్తారమ్మా? కాళ్ల మీద పడాలి నేను."

"ఇంకెక్కడ రానిస్తారండీ? కార్డు తీసేసుకున్నారు," అంది ల్యాబు అమ్మాయి. "అసలాయన రిటైరై ఆరేళ్లు. జీతమూ లేదు, ఏమీ లేదు. బతిమాలుకుని వచ్చి చూసేవాడు."

"ఎందుకు?"

"ఆరేళ్ల కిందట ఓ పాపకి ఇలాగే మిషన్ సున్నా చూపించింది. అది నమ్మి, కంటితో చూడకుండా సంతకం పెట్టింది ఆయనే. మళ్లీ మందులు ఎక్కించారు. పాప తట్టుకోలేదు."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"ఆయన మనవరాలండీ."