థాంక్స్, లైల్

పాస్‌వర్డులు దాచుకునే ఒక ఉచిత ప్రోగ్రామ్‌ని అమెరికాలోని డులూత్ నుంచి నేనూ, కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఇంగ్రిడూ కలిసి రాస్తున్నాం. కోడ్ అందరికీ కనిపిస్తుంది, దాని కింద మేం రాసుకున్న పదకొండేళ్ల తిట్లు కూడా.

"నువ్వు రాసింది తాళం కాదు లైల్, తలుపు మీద గీసిన తాళం బొమ్మ!" అన్నది ఆవిడ మెత్తగా అన్న మాటల్లో ఒకటి. నాకూ నోరు తక్కువేం కాదు.

సోమవారం నేనొక పెద్ద లోపం సరిచేశాను. దాని కింద ఆవిడ పేరుతో, "బాగా చేశావు. థాంక్స్, లైల్" అని వచ్చింది.

ఆవిడ నుంచి థాంక్సా! ఇలా తియ్యగా మాట్లాడి లోపలికి దూరే దొంగల్ని ఎంతమందిని చూడలేదు! వెంటనే ఆవిడ ఖాతా మూసేసి, "ఇంగ్రిడ్ ఖాతా దొంగల చేతిలో పడింది, నమ్మకండి" అని సోషల్ మీడియాలో చాటాను.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. అది నేనెప్పుడూ వినని గొంతు.

"నేను ఇంగ్రిడ్‌ని. ఖాతా తెరువు."

"నువ్వే ఇంగ్రిడ్‌వని రుజువేంటి?"

"బుర్రలేని వెధవా! పదకొండేళ్లలో నువ్వు చేసిన ఒకే ఒక్క మంచి పనికి థాంక్స్ చెబితే, నన్ను దొంగని చేస్తావా?"

అనుమానం తీరిపోయింది. ఖాతా తెరిచాను.

ఆవిడ లోపలికి రాగానే ఆ థాంక్స్ చెరిపేసింది. తిట్లన్నీ అలాగే ఉంచింది.