కాలరు పుల్ల

కర్నూలు మునిగిన ఏడు. ఆ వరద తీసిన చలికాలం తార్నాకలో ఎవరి కళ్ళు చూసినా ఎర్రగానే ఉన్నాయి.

"కాకా, రాష్ట్రం కొట్లాటల దుకాణాలన్నీ బందయినయి. నువ్వేంది ఇంకా బొగ్గులు ఊదుతున్నవు?" అంది నిరోష. యూనివర్సిటీలో ఎం.ఏ. చదివే పిల్ల. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంది.

"బట్టలున్నయి బిడ్డా" అన్నాడు భీమయ్య.

క్యాంపస్ గేటు వైపు ఢామ్మంది. ఇంకో బాష్పవాయువు గోళం. భీమయ్య చేయి ఆగిపోయింది. ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో తెల్లచొక్కా కమురు వాసన వేసింది. చటుక్కున పెట్టె ఎత్తాడు.

"నీ కొడుకు గూడ గాడనే ఉన్నడా?"

"గాడనే. పొద్దుందాక గేటు కాడనే ఉంటడు."

"గేటు కాడ నిలబడాలంటే గుండె ఉండాలె కాకా!"

"ఆ గుండెతోనే వచ్చింది బాధ. పుట్టుకతోనే రొమ్ము నడుమ గుంట. చుట్టూ టేపు పెట్టి కొలిస్తే కొలత సరిపోతది. అంగి విప్పితేనే కనబడతది. ఈ నడుమ ఉరికితే ఆయాసపడుతున్నడు. ఆపరేషన్ చెయ్యాలంటున్నరు."

"చేయించు మరి! రక్తం కావాలంటే చెప్పు, హాస్టలు హాస్టలే దిగుతది. మన పిలగాడు!"

భీమయ్య తల వంచుకుని చొక్కా మీద నీళ్ళు చల్లాడు.

"అవుగని కాకా, లోకం బట్టలన్నీ ఇస్త్రీ చేస్తవు. నీ కొడుకు అంగి ఒక్కటి గూడ బండి మీద కనబడదేంది?"

"వానియి ఇంట్లనే చేస్త."

"అబ్బో! దిష్టి తగుల్తదనా?" నిరోష నవ్వుకుంటూ గేటు వైపు పరుగెత్తింది.

సాయంత్రం బట్టల మూట తీసుకుని అమ్మాజీ గారింటికి వెళ్ళాడు. ఆవిడది కాకినాడ. తార్నాకలో ఇల్లు కట్టుకుని చాలా ఏళ్ళయింది. ఆవిడ తమ్ముడు శశిభూషణ్ ఛాతీ ఆపరేషన్లు చేసే డాక్టరు. భీమయ్య కొడుకు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు.

"గుండె ఎడమకి నెట్టుకుపోయింది భీమయ్యా. ఇక ఊరుకోకూడదు. రెండు దారులున్నాయి. ఒకటి, రొమ్ము మధ్యన కోసి, వంకర తిరిగిన మెత్తటి ఎముకలు తీసేసి, నడిమి ఎముకని పైకి లేపి కూర్చోబెట్టడం. రెండోది, రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి, వంచిన స్టీలు కడ్డీని ఎముక కిందికి పంపి తిప్పడం. గుంట పైకి లేస్తుంది. రెండు మూడేళ్ళయ్యాక కడ్డీ తీసేస్తాం."

భీమయ్య తన చొక్కా కాలరు తడిమాడు. "మొదటిది విప్పి కుట్టుడు. రెండోది కాలరు ఒంగకుండ అండ్ల పుల్ల పెట్టుడు. అంతేనా సార్?"

"అంతే!" డాక్టరు నవ్వాడు. "మీవాడికి నేనైతే కడ్డీయే పెడతాను. కానీ కొన్ని నెలలు బరువులెత్తకూడదు, తోపులాటల్లోకి వెళ్ళకూడదు. లాఠీ దెబ్బ ఒక్కటి పడిందంటే కడ్డీ పక్కకి జరిగిపోతుంది."

"రాయి తగిలితే సార్?"

"రాయైనా అంతే. ఇంటిపట్టున ఉండాలి."

ఇంటిపట్టున. ఆ మాటను భీమయ్య లోపల ఇంకోసారి అనుకున్నాడు.

"ఆ వంకనైనా ఆ గొడవలకి దూరంగా ఉంటాడు" అంది అమ్మాజీ. "కన్నతండ్రివి. వెళ్ళొద్దని గట్టిగా చెప్పలేవూ?"

"వాని చేతుల లేదమ్మా."

"అందరూ ఇదే మాట!" అంటూ ఆవిడ మూట లోపలికి తీసుకెళ్ళింది.

భీమయ్య లాలాపేటలోని గదికి వచ్చి, గడపలో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు కొడుకు ప్రేమ్ కుమార్ వచ్చాడు. చేతిలో సంచీ. రోజూ అందులో ఒక జత బట్టలు పెట్టుకునే పోతాడు. చొక్కా విప్పితే, గుంట అంచున నల్లగా కమిలి ఉంది.

"రాయా?"

"ఊఁ."

"ఎవడేసిండు?"

"గుంపుల ఎట్ల తెలుస్తది నాయినా?"

"డాక్టరు కడ్డీ పెడతనన్నడు. ఒప్పుకో కొడుకా."

"ఇప్పుడా? గిసొంటప్పుడు నేనొక్కన్ని ఇంట్ల పండుకుంటే మావోళ్ళేమంటరు? భయపడి తప్పించుకున్నడంటరు."

"అననీ. ఇయ్యాల అంచుకు తాకింది. రేపు నడుమ తాకితే?"

ప్రేమ్ కుమార్ గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. లోపల ఎక్కడో పట్టేసినట్టు ముఖం ముడిచాడు.

"సరే. రేపు పోయి పైనోళ్ళను అడుగుత."

"మంచిగ తయారై పో. నీ జత బండి కాడనే ఇస్త్రీ చేస్త. ఆడికొచ్చి తీస్కపో."

ప్రేమ్ కుమార్ ఉలిక్కిపడ్డాడు. "బండి మీదనా! ఏమైంది నాయినా నీకు?"

"హాస్టలు పిల్లలు నీకు రక్తమిస్తమంటున్నరు బిడ్డా. ఇంకెన్ని దినాలు ఇంట్ల చెయ్యాలె?"

కొడుకు సంచీ తెచ్చి తండ్రి ముందు పెట్టాడు.

మర్నాడు పొద్దున భీమయ్య ఎప్పటి చోటే బండి నిలిపి బొగ్గులు రాజేశాడు. నిరోష, ఇంకో నలుగురు పిల్లలు చుట్టూ చేరారు.

"కాకా, ఏమన్నడు మన పిలగాడు? ఎన్నడు ఆపరేషన్?"

భీమయ్య సంచీ విప్పాడు. కొడుకు జత తీసి బండి మీద పరిచాడు. నీళ్ళు చల్లాడు. పెట్టె ఎత్తాడు.

"ఇన్నాళ్ళకు చూపిస్తున్నవా!" అని నవ్వబోయి నిరోష ఆగిపోయింది.

అది పోలీసు ఖాకీ.