లైబ్రరీ ఇన్‌చార్జి గారు ఒప్పుకోలేదు

పొద్దున్నే కంప్యూటర్ తెరిచేసరికి రిలే బొమ్మ మళ్లీ తిరిగొచ్చి ఉంది.

ఫణికిరణ్ నిట్టూర్చాడు. సర్క్యూట్ గీయాలంటే రిలేకైనా ఫ్యూజుకైనా కంప్యూటర్లో ఒక బొమ్మ ఉండాలి. ఆ బొమ్మలన్నీ కలిపి లైబ్రరీ. ఇన్‌చార్జి ఆమోదించని బొమ్మ ఒక్కటున్నా ఫైలు కదలదు.

“ఈసారి ఏమన్నారండీ?” అన్నాడు ఎదురుగా కూర్చున్న గంగరాజు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువు ఆయనది. చెరువు నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లను నడిపే బోర్డు కాలిపోయింది. అలాంటిది ఇప్పుడు దొరకదు. కొత్తది గీయాల్సిందే. మబ్బు పట్టి నీళ్లలో గాలి తగ్గింది. చెరువులో బొచ్చె చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

“పిన్ను పేరు చిన్నక్షరాల్లో రాశానటండి.”

“చిన్నక్షరాలైతే బోర్డు పనిచెయ్యదాండీ?”

“చేస్తుందండి. కానీ రూలు.”

అంతకుముందు గీత లావుగా ఉందని తిప్పి పంపారు. రూల్సన్నీ ఫణికిరణ్ హైదరాబాదులో పనిచేసిన పెద్ద కంపెనీవి. ఇక్కడ పవర్‌పేటలో, టైలరు షాపు మీద రెండు గదుల్లోనూ అవే నడుస్తున్నాయి. గోడకు అంటించి ఉన్నాయి. గీసినవారే ఆమోదించరాదన్నది మొదటి రూలు.

పిన్ను పేరు సరిచేసి మళ్లీ పంపాడు. ‘పరిశీలనలో ఉంది’ అని వచ్చింది. మధ్యాహ్నంలోపు ఫైలు తయారీవాళ్లకు చేరకపోతే బోర్డు వచ్చేది పై వారమే. అప్పటిదాకా చేప ఆగదు.

“ఇప్పుడు చూస్తారాండీ?”

“భోజనమయ్యాక గానీ ఆ పని ముట్టుకోరండి.”

“మీరో మాట చెప్పి చూడండి.”

“నా మాట అసలు వినరండి.”

“ఏ ఊరండీ ఆయనది?”

“భీమడోలండి.”

“మా అత్తగారి ఊరే. ఓ శీలావతి చేప పట్టుకొచ్చినా పోయేది.”

“పుచ్చుకోరండి. గట్టి మనిషి,” అన్నాడు ఫణికిరణ్. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

గంగరాజు లేచాడు. “గట్టివాడైనా మనిషే కదండీ. కాళ్లు పట్టుకుంటాను,” అంటూ లోపలి గది తలుపు తోశాడు.

బల్ల ఉంది. కుర్చీ ఉంది. కంప్యూటర్ ఆపేసి ఉంది.

“ఎవరూ లేరేంటండీ?”

“భోజనమయ్యాక నేనే కదండీ వెళ్లి ఆ కుర్చీలో కూర్చునేది,” అన్నాడు ఫణికిరణ్.