పవన్‌కు ఎక్కించిన రక్తం

“మా పవన్‌ది ఓ పాజిటివ్ సార్. కాలేజీలో రాసిచ్చినారు,” అంది భారతమ్మ.

పరీక్షలో బీ అని తేలిందని డాక్టరు చెప్పాడు. ఇంట్లోవాళ్లు చెప్పే గ్రూపు చాలాసార్లు తప్పుతుందట. పరీక్ష అయ్యేదాకా ఆగే స్థితి లేక ఎవరికైనా సరిపడే ఓ నెగటివ్ ముందే ఎక్కించామన్నాడు. ఒంట్లో రక్తానికి గడ్డకట్టే గుణం పోయింది, ఉత్త ఎర్రకణాలే ఎక్కిస్తే రక్తం నిలవదు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా సమంగా పడాలి అన్నాడు. వాడిన దానికి బదులుగా బ్లడ్ బ్యాంకుకు రక్తం ఇచ్చే మనుషులను పిలిపించుకోమని లోపలికి వెళ్లిపోయాడు.

ఆళ్లగడ్డ దాటగానే నాపరాళ్ల లారీ గుద్దింది. బండి మీద ఇద్దరు స్నేహితులు. కొడుకు బండి మీదున్నప్పుడు ఫోన్ చేస్తే ఎప్పుడూ వెనక కూర్చున్న అజయ్ కుమారే ఎత్తి పెద్దమ్మా అని మాట్లాడేవాడు. ఆ పొద్దు భారతమ్మకు కొత్త గొంతు పలికింది. ఫోను ఈ పిల్లోడి జేబులో మోగుతాంది, ఊపిరుండాది, నంద్యాలకు తీస్కపోతాండాం అంది. రెండోవాడు అక్కడికక్కడే పోయాడు.

ఆసుపత్రిలో పడుకోబెట్టినవాడి ముఖమంతా వాపు, కట్లు, నోట్లో గొట్టం. తలుపు అద్దంలోంచి అంతే చూపించారు.

మరునాడు అజయ్‌ను ఆళ్లగడ్డలో పూడ్చారు. చూడలేవమ్మా అని అతని తల్లి మణెమ్మను పెట్టె తెరవనివ్వలేదు. మట్టి వేసిన చేతులతోనే ఆమె బస్సెక్కి నంద్యాల వచ్చింది. ఇన్నేళ్లూ ఆమెను వసారా దాటనివ్వని భారతమ్మ జరిగి బెంచీ మీద చోటిచ్చింది.

“నువ్వేల వచ్చినావు మణెమ్మా?”

“రక్తం కావల్లంట గదమ్మా.”

“ఈ పొద్దు నువ్వియ్యాల్నా?”

“మావోడు ఆఖర్న ఏమన్న్యాడో చెప్పేది పవన్ ఒక్కడే. వాడన్నా బతకల్ల.”

భారతమ్మ నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టింది.

“కండ్లు మూస్తే పిలుస్తాండాడమ్మా,” అంది మణెమ్మ. “నేను చచ్చిపోలేదు అంటాండాడు.”

భారతమ్మ ఆమె వీపు నిమిరింది. నర్సు పిలిస్తే మణెమ్మ చేయి చాపింది. అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానని అబద్ధం చెప్పింది. ఆమె వెనకే భారతమ్మ తమ్ముళ్లూ ఇచ్చారు. సాయంత్రానికి రక్తం కారడం ఆగింది.

కొన్నాళ్లకు గొట్టం తీశారు. ఇద్దరినీ లోపలికి రమ్మన్నారు. మణెమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. బతికి ఉన్న కొడుకును ముందు తల్లి చూసుకోవాలనుకుంది.

భారతమ్మ మంచం మీదికి వంగింది.

“నాయనా, అమ్మను వచ్చినా.”

వాచిన రెప్పలు కొంచెం విచ్చుకున్నాయి. ఆ కళ్లు ఆమెనే చాలాసేపు చూశాయి.

“పెద్దమ్మా, పవన్ యాడ?”