నడివాగు పరిగె

గుడ్లు పెట్టడానికి పై మడుగుకు బయల్దేరిన పరిగె చేప నడివాగులో ఎదురీది, ముచ్చటగా మూడోసారి వెనక్కి కొట్టుకొచ్చింది. ఒడ్డున రాళ్లను కరుచుకుని పైకి పాకుతున్న నత్తకు ఓపిక నశించింది.

"ఎన్నిసార్లు చెప్పాలే తల్లీ! రాయి తన పక్క నీటిని పట్టుకుంటుంది, ఆ నీరు దాని పక్క నీటిని వెనక్కి లాగుతుంది. అందుకే ఒడ్డు వెంట వాగు నెమ్మది. ఇటు తగలడు!"

"మా వంశంలో ఒడ్డు పట్టుకుని ఈదినవాళ్లు లేరు," అంది పరిగె రొప్పుతూ.

"ఆ వంశం కాస్తా నీ కడుపులోనే ఆగిపోయేలా ఉంది!"

పరిగె ఒడ్డు పక్కకు జరిగి, రాళ్ల వెంట ఈదింది. పొద్దు వాలేలోగా మడుగు చేరింది.

నాలుగు రోజులకు నత్త కూడా పాక్కుంటూ అక్కడికి చేరేసరికి, పరిగె పిల్లల్ని చుట్టూ పోగేసుకుని చెబుతోంది: "నడివాగును చీల్చుకుంటూ వచ్చానర్రా! ఒడ్డు పట్టుకుని ఈదడం మన వంశంలోనే లేదు."

నత్త గుల్లలోకి దూరి తలుపేసుకుంది.