మూసాపేట పరీక్ష

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు కొత్తగూడ కూడలిలో లచ్చమ్మ బస్సెక్కింది. అది మూసాపేట వెళ్లే బస్సు కాదు.

రోడ్డుకు అవతల నిలబడ్డ సౌజన్య నోరు తెరిచింది. వెంటనే చేత్తో మూసుకుంది. కేకేస్తే పరీక్ష రద్దు.

పరీక్ష పెట్టింది సురేంద్ర. తెల్లాపూర్‌లోని ఒక గేటెడ్ కమ్యూనిటీకి ఆయన కార్యదర్శి. అక్కడ హౌస్‌కీపింగ్ చేసే లచ్చమ్మ, మల్లమ్మ, కళ్యాణిలకు సౌజన్య చదువు చెబుతోంది. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడే ఉంటుంది. క్లాసు ఆదివారాలు, క్లబ్‌హౌస్‌లోని ఏసీ గదిలో. క్లాసు జరుగుతున్నంతసేపు సూపర్‌వైజర్ పిలవకూడదు. టీ వస్తుంది. పాఠం కన్నా నవ్వులే ఎక్కువ వినిపిస్తున్నాయని పక్కనున్న జిమ్ వాళ్లు ఫిర్యాదు కూడా చేశారు.

సురేంద్ర అప్పటికే ‘నూరు శాతం అక్షరాస్యత సాధించిన కమ్యూనిటీ’ అని ఫ్లెక్సీ కొట్టించాడు. గేటుకు కట్టడమే మిగిలింది.

“మూసాపేట మెట్రో స్టేషన్ కింద నేనుంటా. ఒక్కొక్కరే రావాల. బోర్డు చదివి బస్సెక్కాల. ఎవర్నీ అడగకూడదు,” అన్నాడు ముగ్గురితో. “పాసైతే క్లాసు మూసేసి రూములో టేబుల్ టెన్నిస్ వేస్తాం. ఫెయిలైతే ఇంకో ఆర్నెల్లు క్లాసు నడుస్తాది.”

“పాసైతే ఇగ క్లాసే ఉండదా సార్?” అంది మల్లమ్మ.

“ఉండదు. చదువొచ్చినాక క్లాసెందుకమ్మా?”

“ఏం లేదు సార్. జర కుర్చీల కూసునుడు అలవాటైంది.”

సౌజన్య ఆ వారమంతా వాళ్లతో బోర్డులు చదివించింది. పరీక్ష రోజు పొద్దున తనే కారులో కొత్తగూడ తీసుకొచ్చింది. లచ్చమ్మ చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఉంది.

“మూసాపేట పోవడానికి ఇంత సద్దా?”

“తప్పిపోతే ఆకలైతది గద మేడం.”

“తప్పిపోవు. ధైర్యంగా వెళ్లు.”

లచ్చమ్మ మెహిదీపట్నం బస్సెక్కింది. కాసేపాగి సౌజన్య మల్లమ్మను పంపింది. ఆమె కూడా మెహిదీపట్నం బస్సే ఎక్కింది. చివరికి కళ్యాణి. మూసాపేట బస్సు వచ్చి ఆమె ముందే ఆగింది. కళ్యాణి బోర్డు వంక చూసింది. పక్కకు జరిగి దారిచ్చింది. తర్వాత వచ్చిన మెహిదీపట్నం బస్సెక్కింది.

సౌజన్య సురేంద్రకు ఫోన్ చేసింది. “తప్పు నాదే సార్. రెండు పేర్లూ ‘మ’తోనే మొదలవుతాయి. మొదటి అక్షరం చూసి ఎక్కేస్తున్నారు.”

“కండక్టరైనా చెప్పల్యా?”

“ఎవర్నీ అడగొద్దన్నారు కదా సార్.”

సురేంద్ర ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం లచ్చమ్మ ఫోన్ చేసింది. “మేడం, నేను యాడున్ననో నాకే సమజైతలేదు.”

“ఏడవకు లచ్చమ్మా. ఎదురుగా బోర్డేమైనా ఉందా? మెల్లగా చదువు.”

“చదవొస్తే గిట్లెందుకు తప్పిపోత మేడం?”

ఫోన్‌లో ఏదో గట్టిగా అరిచినట్టు వినిపించింది.

“ఏంటా చప్పుడు?”

“లారీ, మేడం.”

“మల్లమ్మ, కళ్యాణి ఫోన్లు ఎత్తడం లేదు. వాళ్లూ తప్పిపోయారు.”

“అయ్యో, పాపం,” అంది లచ్చమ్మ. “ఫికర్ చెయ్యకు మేడం. పొద్దూకే యాళ్లకు అందరం ఇల్లు చేరుతం.”

మూసాపేటలో సురేంద్ర, ముగ్గురితో ఫొటో దిగడానికి తెచ్చిన ఫ్లెక్సీని చుట్టి కారు డిక్కీలో పెట్టాడు. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో రాశాడు: ‘ముగ్గురూ ఫెయిల్. క్లాసు మరో ఆరు నెలలు పొడిగింపు. టేబుల్ టెన్నిస్ వాయిదా.’

ఆ సందేశం గ్రూపులో పడే సమయానికి లచ్చమ్మ, మల్లమ్మ, కళ్యాణి మెహిదీపట్నంలో ఎవరినీ దారి అడగకుండా ఎవరికి వారే బస్సు మారి, జూపార్కు చేరి, సింహానికి ఎదురుగా ఒకే చాప మీద కూర్చుని, లచ్చమ్మ పొద్దున్నే ముగ్గురికీ సరిపడా కలిపి తెచ్చిన పులిహోర తింటున్నారు.