ఇల్లుటం

“మా పోరడు ఇల్లుటం రాడు చెల్లె. గా ఒక్క మాట తప్ప ఏమన్న అడుగు” అని ఐలేశం అంబలి ముంత కింద పెట్టాడు.

“నేను అడిగేదే గా ఒక్క మాట అన్నా” అంది బక్కమ్మ. “పిలగాడే ఈడికొచ్చి ఉండాలె. పిల్లను తీస్కపోతనంటే ఈ సంబంధమే వద్దు.”

ఐలేశం తన నడిపి కొడుకు అంజన్నను వెంటబెట్టుకొని కేతేపల్లి నుంచి పొద్దున్నే పానగల్ వచ్చాడు. రెండిళ్లవాళ్లూ గొర్రెలు కాసుకునేవాళ్లే. వచ్చినప్పటి నుంచి అంజన్న నోరు విప్పలేదు. అతని చూపంతా గొర్రెల దొడ్డి వైపే ఉంది. అక్కడ గుర్వమ్మ కుంటిగొర్రె కాలికి పసుపు పెట్టి గుడ్డ కడుతోంది.

“అన్నీ తెలిసే, ఒప్పుకొనే వచ్చినం గద. ఇంకా బెట్టేంది?” అన్నాడు ఐలేశం. “పెద్దోడు సాగర్ డ్యాము పనికి పోయిండు. వీడు గిటొస్తే నా మంద ఎంబడి ఎవలు తిరగాలె? ఐలేశం కొడుకును సాకలేక తోలిండని నలుగురు నవ్వరా?”

“మరి నా మంద ఎంబడి ఎవలు తిరుగుతున్నరు? నా కొడుకు కాలం జేసి రెండేండ్లాయె, గప్పటి సంది కట్టె పట్టుకొని నేనే తిరుగుతున్న. నిరుడు గాలికుంటొచ్చి సగం జీవాలు పోయినయి. అయినా నవ్వుకుంటనే ఉన్న. ఇంత మంద పెట్టుకొని నీ మొఖమేంది, తప్పిపోయిన గొర్రెను దేవులాడుతున్నట్టున్నది?”

ఐలేశానికి నవ్వొచ్చింది కానీ మాట మారలేదు. కట్టె అందుకొని లేచాడు.

“నడువురా, పొద్దెక్కుతాంది.”

బక్కమ్మ ముఖం చిన్నబోయింది. గబగబా దొడ్డి దగ్గరికి నడిచి, గొంతు తగ్గించి అడిగింది.

“పిలగాడు నచ్చిండా?”

“నచ్చితే ఏంది? నిన్ను ఒంటిగ ఇడిసి నేను పోను” అంది గుర్వమ్మ తలెత్తకుండానే.

“నన్నేమన్న తోడేలు ఎత్తుకపోతదా? నాకోసం నువ్వు గిట్లనే ఉంటవా? నోర్ముయ్.”

బక్కమ్మ వెనక్కి వచ్చేసరికి ఐలేశం వాకిలి దాటుతున్నాడు.

“ఆగు అన్నా. షరతు లేదు, గిరతు లేదు. పిల్లను తీస్కపో. మందల సగం దాని ఎంబడి తోల్కపో. మిగిలిన సగంతోని నేను బతుకుత. నాకు బతకనీకి తెల్వదా?”

అంటున్నంతసేపూ ఆమె చేతులు మాత్రం కొంగుకు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాయి.

అప్పుడు నోరు విప్పాడు అంజన్న.

“బాపూ, నేను ఈడనే ఉంట.”

“ఏందిరా?”

“మనింట్ల తమ్ముడున్నడు, నువ్వున్నవు. ఈడ ఎవలున్నరు? కేతేపల్లి ఎంత దూరమని? ఉన్ని కోసే యాళ్లకు నేనే వస్త.”

“నలుగురు ఏమంటరురా?”

“గా నలుగురు ఒక్కనాడన్న నీ మంద కాసిండ్రా?”

ఐలేశం కొడుకును ఎగాదిగా చూశాడు. తర్వాత బక్కమ్మ వైపు తిరిగాడు.

“చూసినవా చెల్లె! నీ ఇంటి అంబలి ఇంకా అరగనే లేదు, అప్పుడే నీ దిక్కు మాట్లాడుతుండు.” కట్టెను మళ్లీ గోడకు ఆనించి కూర్చున్నాడు. “సరే తియ్యి. పెండ్లికి పొట్టేలన్న కోస్తవా, లేకుంటే అంబలేనా?”

“రెండు కోస్త!”

దొడ్డి దగ్గర గుర్వమ్మ ముఖం తిప్పుకొని నవ్వింది. కట్టిన గుడ్డనే విప్పి మళ్లీ కట్టింది.

పొద్దు వాలుతుండగా తండ్రీకొడుకులు బయలుదేరారు. అంజన్న వాకిట్లో ఆగి, తల గోక్కున్నాడు.

“ఇగ పోయొస్తం... అత్తా.”

బక్కమ్మ అతని చెయ్యి పట్టుకొని దగ్గరికి లాక్కుంది.

“అత్తా అనెటందుకు నా కోడలున్నది బిడ్డా, నువ్వు అమ్మా అను.”